ఎడమచేతి మరుగుజ్జులు

లొరైన్ ఓల్డర్‌షా ఇరవై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ కుంచె పట్టిందంటే చేతిలో డబ్బు ఆడి కాదు, ఆడకే. నాటింగ్‌హామ్ శివారు బల్వెల్‌లో ఆమె పనిచేసే బడి వంటశాలలో పనిగంటలు సగానికి తగ్గించేశారు. సాయంత్రాలు ఖాళీ, పర్సు కూడా ఖాళీ. టీవీ చూసి చూసి విసుగెత్తి, ఒకనాడు అలమర మీది అట్టపెట్టె దింపి సర్దుతుంటే అడుగున బొటనవేలంత సీసపు మంత్రగాడు దొరికాడు. తన చిన్న వయసులో సగం రంగు వేసి వదిలేసిన బొమ్మ. టోపీ నీలం, గౌను మాత్రం ఉత్త సీసం. అన్నేళ్ళూ సగం బట్టలతో నిలబడ్డ వాణ్ణి చూస్తే ఆమెకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

నాటింగ్‌హామ్‌లో ఇలాంటి బుల్లి బొమ్మలకు రంగులేసే పిచ్చి ఉన్నవాళ్ళకు కొదవ లేదు. మూడొందల రంగుసీసాలు వరసగా పేర్చుకుని, వాటి ఫొటోలు తీసి, ఏడాదికి ఒక్క బొమ్మైనా పూర్తి చెయ్యని మహానుభావులు వీధికొకరుంటారు. లొరైన్ దగ్గరున్నవి ఐదే రంగులు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు. అవి కూడా పిల్లల సామాన్లమ్మే చవక కొట్టులో కొన్నవి. పసుపులో చిటికెడు నలుపు కలిపితే రాక్షసుడి ఒంటికి సరిపోయే పచ్చ వస్తుందని ఆమెకు గుర్తుంది. భోజనం పార్సిల్ వచ్చిన డబ్బా మూతలో గిన్నెలు తోమే స్పాంజి పరిచి, నీళ్ళు పోసి, పైన బేకింగ్ కాగితం వేస్తే రంగు రెండు రోజులైనా ఎండలేదు. అదే పళ్ళెం కొట్టులో కొంటే ఆమె వారం కూరగాయల ఖర్చు. కుంచె దగ్గర మాత్రం ఆమె పిసినారితనం చూపలేదు. ఒక్కటే కొంది, మంచిది కొంది. దాని మొనను పెదాలతో తడిపి సూదిలా చేసుకునేది. మొదటి వారంలోనే కుంచెను టీ కప్పులో కడిగి, రంగునీళ్ళు ఒక గుక్క తాగింది. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికీ అది తప్పదు.

గురువారం సాయంత్రాల్లో చర్చి పక్క హాల్లో జరిగే బొమ్మల క్లబ్బుకు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టింది. పాతవాళ్ళలో మిగిలింది నైజెల్ రేనర్ ఒక్కడే. అప్పట్లో జుట్టున్న నైజెల్, ఇప్పుడు జుట్టు లేని కార్యదర్శి. పై వారం శనివారం ఊళ్ళో జరిగే పెద్ద ప్రదర్శనలో క్లబ్బు తన అద్దాల బీరువా పెడుతుంది. అందులో ఒక అర లొరైన్‌కి ఇస్తానన్నాడు.

"దండు కావాలి, కాస్త పెద్దగా," అన్నాడు. "ఒక్క మంత్రగాణ్ణి పెట్టి అరంతా ఖాళీగా వదిలేస్తే, పాపం తప్పిపోయాడేమో అనుకుంటారు జనం."

"దండుకి డబ్బులు నువ్విస్తావా?"

"నేనే ఇంటి దగ్గర అడుక్కుంటున్నా తల్లీ. అదిగో, అమ్మకం బల్ల చూడు."

అమ్మకం బల్ల అంటే ఎవరికి అక్కర్లేని సరుకు వాళ్ళు తెచ్చి పెట్టుకునే చోటు. దాని మీద ఒక ఐస్‌క్రీమ్ డబ్బాలో పన్నెండుమంది మరుగుజ్జు యోధులు పడి ఉన్నారు. గొడ్డలివాడు, సుత్తివాడు, జెండావాడు, మెడలో డోలు వేసుకున్నవాడు. ఒంటినిండా రంగు మందంగా, గరుకుగా, గడ్డకట్టి ఉంది. గడ్డాలైతే నానబెట్టిన అటుకుల్లా ఉన్నాయి. లొరైన్ ఒకణ్ణి తిరగేసి పాదాల కింద చూసింది. పాతకాలం పోత, మంచి సీసం. ఈ పనివాళ్ళ కళ్ళే అంత. చెడిన రంగు కనబడితే దాన్ని చూడరు, దాని కింద లోహాన్ని చూస్తారు. డబ్బా మీద రాసి ఉన్న ధర ప్రకారం రెండు నాణేలు హుండీలో వేసి, గబగబా సంచిలో పెట్టుకుంది.

పాత రంగు వలవడానికి ఖరీదైన మందులున్నాయి. లొరైన్ వాడింది నేల తుడిచే ఫినాయిలు. ఖాళీ ఉల్లిపాయ ఊరగాయ సీసాలో ఫినాయిలు పోసి మరుగుజ్జుల్ని వేసింది. సీసాలో ఏడుగురే పట్టారు. మిగిలిన ఐదుగురు కిటికీ దగ్గర వరస కట్టి తమ వంతు కోసం నిలబడ్డారు. శనివారం పొద్దున పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే రంగు పొరలు పొరలుగా ఊడి సింకులో పడింది. ఎరుపు కింద నారింజ, నారింజ కింద ఇంకో ఎరుపు. ఎన్ని పొరలు వేశాడ్రా నాయనా అని విసుక్కుంది. ఏడుగురూ వెండిలా మెరుస్తూ బయటికొచ్చారు. వాళ్ళను తుండుమీద ఆరబెట్టి తృప్తిగా టీ పెట్టుకుంటుంటే ఫోన్ మోగింది.

"లొరైన్, ఆ మరుగుజ్జుల డబ్బా నువ్వే కదా తీసుకెళ్ళావ్?" నైజెల్ గొంతులో కంగారు.

"నేనే. ఏం?"

"ప్రాణం లేచొచ్చింది. అవి అమ్మకానివి కావమ్మా, విల్ఫ్ మాస్టారివి. బీరువాలో పెట్టమని తెచ్చుంటారు, ఏ తలకాయ లేనివాడో అమ్మకం బల్ల మీద పడేశాడు."

విల్ఫ్ టాన్స్‌లీ పేరు వినగానే లొరైన్ కుర్చీలో కూర్చుండిపోయింది. క్లబ్బులో కుంచె ఎలా పట్టుకోవాలో సగంమందికి నేర్పింది ఆయనే. పందొమ్మిదేళ్ళ లొరైన్‌కీ ఆయనే నేర్పాడు. ఊపిరి బిగబట్టి కాదమ్మాయ్, ఊపిరి వదిలేశాక కంట్లో చుక్క పెట్టు, అనేవాడు. ఆయన వేసిన కళ్ళు భూతద్దంలో చూసినా చెదరవు. ఈ అటుకుల గడ్డాలకూ ఆయనకూ ఏమిటి సంబంధం?

"ఆయన వేసినవా అవి?" అంది.

"అరే, నీకు తెలీదు కదూ. నువ్వప్పుడు లేవు. నాలుగేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఎడంచేత్తో మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టారు. మూడేళ్ళు పట్టింది ఆ పన్నెండింటికీ. నీ అర ఆయనకిచ్చేద్దాం, ఏమనుకోవుగా?"

"ఏమనుకోను."

"భద్రంగా ఉన్నాయిగా?"

తుండుమీద ఏడుగురు ఒంటిమీద నూలుపోగైనా లేకుండా ఆమెకేసి చూస్తున్నారు.

"ఉన్నాయిలే," అంది లొరైన్.

ఫోన్ పెట్టేసింది. సింకులో ఇంకా రంగుపొట్టు తేలుతోంది. ఒక మనిషి మూడేళ్ళ కష్టాన్ని పళ్ళ బ్రష్షుతో తోమి, పైగా విసుక్కుని, నీళ్ళగొట్టంలోకి పంపేసింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మిగిలిన ఐదుగుర్నీ దీపం కింద పెట్టి, కూతురి పాత భూతద్దం పట్టుకుని చూసింది. ఈసారి లోహాన్ని కాదు, రంగును చూసింది. చూస్తున్న కొద్దీ ఆమె నోరు తెరుచుకుంది. గడ్డంలో ఒక్క గీతైనా లేదు. అన్నీ చుక్కలే. ఎడంచెయ్యి కుంచెను లాగలేదు కాబట్టి, ఆయన లాగడమే మానేశాడు. ఒక్కో వెంట్రుకకు ఏడెనిమిది చుక్కలు, కింద ముదురు ఎరుపు, దానిపైన నారింజ, అన్నిటికంటే పైన పసుపు. రంగుల్ని ఒకదాంట్లోకి ఒకటి కలపడం ఆ చేతికి రాదు కనుక ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ వచ్చాడు. ఆ మందం చేతగానితనం కాదు, ఓపిక. గొడ్డలివాడి కళ్ళు పక్కకు పారిపోయాయి. సుత్తివాడి కళ్ళు దాదాపు కుదిరాయి. జెండావాడి కుడికంట్లో తెల్లచుక్క, దానిలో నల్లచుక్క, సరిగ్గా ఉండాల్సిన చోట ఉన్నాయి. పక్షవాతం వచ్చిన డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ఎడంచేత్తో ఆవగింజలో సగం లేని కంట్లో పాప పెట్టాడు. ఇంత గొప్ప కుంచెపని తన జీవితంలో చూడలేదనుకుంది లొరైన్.

అలా అనుకున్న మరుక్షణమే పాడు ఆలోచన వచ్చింది. ఏడుగురికీ తనే ఎడంచేత్తో రంగు వేసేస్తే? శనివారానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ వయసులో మాస్టారికి చూపు కూడా తగ్గే ఉంటుంది. బీరువా అద్దం వెనకాల ఎవరు కనిపెడతారు?

కుంచె ఎడంచేతిలోకి మార్చుకుని ముందు చెయ్యి కుదురుతుందో లేదో చూద్దామని, పాత అట్టపెట్టెలో మిగిలిన తన బోడి మరుగుజ్జునొకణ్ణి తీసుకుంది. కుడిచేత్తో వాణ్ణి పట్టుకోబోయి ఆగింది. ఆయనకు పట్టుకోవడానికి రెండో చెయ్యి ఎక్కడిది? వాణ్ణి కొవ్వొత్తి మైనంతో బల్లకు అంటించి, కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. మొదటి చుక్క ముక్కుమీద పడింది. రెండోది బల్లమీద పడింది. మూడోది గడ్డంమీదే పడింది గానీ అది చుక్క కాదు, మరక. అరగంటకు మెడ పట్టేసింది. గంటన్నరకు బొమ్మ మైనం ఊడి దొర్లిపోయింది. మూడు గంటలయ్యేసరికి ఒక గడ్డం అయింది, అదీ గడ్డమని చెబితే తప్ప తెలియదు. ఆ చేతికి మూడేళ్ళు పడితే, తన చేతికి ముప్ఫై ఏళ్ళు కావాలి. లొరైన్ కుంచె కడిగేసింది. ఈ దొంగపని తనవల్ల కాదని తేలిపోయింది, చెయ్యాలన్న కోరిక కూడా పోయింది. ఆ చుక్కల్ని ఒకసారి చూశాక వాటికి నకలు వెయ్యడం తప్పని ఆమెకు గట్టిగా అనిపించింది.

సోమవారం బడి అవగానే పన్నెండుమందినీ అదే ఐస్‌క్రీమ్ డబ్బాలో దూది మధ్య పేర్చి, ట్రామెక్కి బాస్‌ఫర్డ్‌లో దిగింది. విల్ఫ్ టాన్స్‌లీ కింది అంతస్తు ఫ్లాటులో ఒంటరిగా ఉంటున్నాడు. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. మనిషి సగమయ్యాడు, కనుబొమలు మాత్రం అప్పటివే.

"ఎవరూ? లొరైనా? ఎంత లావయ్యావ్!"

"మీరు మాత్రం ఏమీ మారలేదు మాస్టారూ, నోటితో సహా."

"రా, రా. టీ నువ్వే పెట్టుకోవాలి. నాకూ పెట్టు."

టీ పెట్టింది గానీ తాగలేకపోయింది. డబ్బా మూత తీసి ఆయన ముందుకు జరిపింది.

"మాస్టారూ, ఇవి మీవని తెలీక కొన్నాను. ఏడింటిని ఫినాయిల్లో వేసి కడిగేశాను. అడక్కుండానే కడిగేశాను. నైజెల్‌కి అబద్ధం చెప్పాను. మీకు చెప్పలేను."

ఆయన డబ్బాలోకి చూశాడు. ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎంతసేపు నానబెట్టావ్?"

"రెండు రాత్రులు."

"ఒకటి చాలు. ఊరికే ఫినాయిలు దండగ."

"మాస్టారూ, నే చెప్పేది మీకు అర్థమవుతోందా? ఎవడో పొరపాటున అమ్మకం బల్ల మీద పెడితే నేను..."

"పొరపాటేం కాదు. నేనే పెట్టాను."

లొరైన్ తెల్లబోయింది.

"నైజెల్‌కి ప్రతిదీ కంగారే," అన్నాడు విల్ఫ్. "మొన్న గురువారం పక్కింటాయన కార్లో దింపితే లోపలికొచ్చి, ఎవరూ చూడకుండా నేనే పెట్టి వెళ్ళాను. సీసం మంచిది. ఇప్పుడా పోత రాదు. చేతనైనవాళ్ళెవరో కొనుక్కుని, ఆ చెత్తంతా కడిగేసి, శుభ్రంగా రంగు వేసుకుంటారని. నువ్వు సరిగ్గా అదే చేశావ్. దానికి ఈ ఏడుపు ముఖమెందుకు?"

"చెత్తా?" లొరైన్‌కి ఒక్కసారిగా కోపం వచ్చింది. తనమీదో, ఆయనమీదో ఆమెకే తెలియలేదు. "మీరు చూశారా అసలు వాటిని?"

"వేసింది నేనే కదమ్మాయ్. కుడిచెయ్యి ఉన్నప్పుడు ఎలా వేశానో నాకు గుర్తుంది. అదీ చిక్కు. జనం బీరువా ముందు నిలబడి, పాపం ముసలాయన, అంటారు. పాపం అనిపించుకోవడానికా వేసింది?"

లొరైన్ కోటు జేబులోంచి కాగితం పొట్లం తీసి, విప్పి, తన ఎడమచేతి మరుగుజ్జును బల్లమీద పెట్టింది.

విల్ఫ్ దాన్ని ఎడంచేత్తో ఎత్తి కళ్ళద్దాలకు ఆనించుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఎవరిదిది? మీ ఇంట్లో పసిపిల్లలున్నారా?"

"నాదే."

"నీదా!"

"నిన్న మధ్యాహ్నం. ఎడంచేత్తో. మీ వాటికి నకలు వేసి తప్పించుకుందామనుకున్నాను. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నా."

ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. లొరైన్ వీపు రాయబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"మూడు గంటలూ తొడ కిందే ఉందా చెయ్యి? నిజం చెప్పు."

"రెండుసార్లు తీశా."

"అనుకున్నా. దేనికి అంటించావ్?"

"కొవ్వొత్తి మైనానికి. దొర్లిపోయాడు."

"మైనం పనికిరాదు. సగం బంగాళాదుంపలో గుచ్చాలి. కాళ్ళ కింద రేకుముక్క ఉంటుంది చూడు, అది దిగుతుంది. బరువుగా ఉంటుంది, జారదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులోకి పాత క్లబ్బు గొంతు వచ్చింది. "ఇంకో సంగతి. నువ్వు కుంచెను లాగావ్. ఇదిగో, ఈ మరక. ఎడంచెయ్యి లాగదమ్మాయ్. పైనుంచి దించాలంతే."

"అదే మాస్టారూ నేను చెప్పేది! అది కనిపెట్టడానికి మీకెన్నాళ్ళు పట్టింది?"

"ఏడాది."

"చూశారా? నాకెవరో నేర్పితే గానీ తెలీని సంగతి మీ అంతట మీరే కనిపెట్టారు." ఆమె దూది తీసి, రంగు మిగిలిన ఐదుగుర్నీ కళ్ళు కుదురుతూ వచ్చిన వరసలో నిలబెట్టింది. "ముందు గొడ్డలివాడు. కళ్ళు పారిపోయాయి. తర్వాత సుత్తివాడు. చివర జెండావాడు. ఈ కంట్లో చుక్క చూడండి. ఇరవై ఏళ్ళ వయసులో రెండు చేతులతో నేను ఇలా పెట్టలేదు. ఇవాళా పెట్టలేను. పాపం అనడం కాదు, వీటి ముందు నిలబడి నాకు అసూయ వేసింది. బీరువాలో నా అర వీళ్ళకే ఇస్తున్నాను."

విల్ఫ్ వేలితో మూడోవాణ్ణి రెండో చోటికీ, రెండోవాణ్ణి మూడో చోటికీ జరిపాడు. వరస తప్పు చెప్పావన్నట్టు. తర్వాత దూదిలోంచి, రంగులేని ఏడుగుర్లోంచి ఒకణ్ణి వెతికి తీశాడు. మెడలో డోలున్నవాడు.

"వీణ్ణీ కడిగావా?"

"కడిగాను."

"డోలు తోలుకే ఎనిమిది రోజులు పట్టింది. అంచు దగ్గర ముదురు, మధ్యలో పుల్లలు తగిలి తగిలి అరిగిన చోట లేతరంగు." బోడి సీసాన్ని బొటనవేలితో రుద్దాడు. "వీడు బాగా వచ్చాడమ్మాయ్. వీడు చాలా బాగా వచ్చాడు."

అని, తన నోటినుంచి వచ్చిన మాటకు తనే ఆశ్చర్యపోయినట్టు ఆగిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లొరైన్‌కి అంతకన్నా ముందే తిరిగాయి. నన్ను తిట్టండి మాస్టారూ, అంది. తిట్టాడు, చాలాసేపు, పాత పద్ధతిలో. ఆమె చూపునూ, తొందరనూ, చవగ్గా వచ్చిందల్లా సీసమే అనుకునే బుద్ధినీ, ఆఖరికి ఆమె పెట్టిన టీనీ తిట్టాడు. ఆమె తలవంచుకుని, హాయిగా పడింది.

"నీ అర అన్నావు చూడు, బీరువాలో," అన్నాడు తిట్లు అయ్యాక. "ఎంత వెడల్పు?"

"జానెడుంటుంది. ఐదుగురు సుఖంగా పడతారు."

"శనివారానికి ఐదుగురు చాలు. ఈ ఏడుగుర్నీ ఇక్కడే వదిలెయ్. డోలువాడితో మొదలుపెడతా." వరస మళ్ళీ సవరించాడు, జెండావాణ్ణి అందరికీ కనబడేలా కొంచెం ముందుకు జరిపాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కాస్త వెనక్కి వాలి చూశాడు.

లొరైన్ సంబరం పట్టలేక, తన మరుగుజ్జును కూడా తీసి ఆ వరస చివర నిలబెట్టింది. విల్ఫ్ కనుబొమలు పైకి లేచాయి.

"దాన్ని తియ్యమ్మాయ్," అన్నాడు. "నా వాళ్ళ పక్కన పెట్టకు. పరువు పోతుంది."

లొరైన్ నోరెత్తకుండా దాన్ని తీసి జేబులో వేసుకుంది.